కో తావ్‌లో పరంగుల నోటికి తాళం ఎప్పుడు పడింది?

సెప్టెంబరు దగ్గర పడితే చాలు, థాయ్‌లాండ్‌లోని కో తావ్ దీవి పేరు మళ్ళీ జనం నోళ్ళలో నానడం మొదలవుతుంది. ఎవరో ఒక విదేశీ పర్యాటకుడు గదిలోనో నీళ్ళలోనో చనిపోయి, కారణం తేలలేదన్న వార్త వచ్చిందంటే ఇక పాత ఫోటోలన్నీ బయటికొస్తాయి, బ్రిటిష్ టాబ్లాయిడ్లు తగిలించిన ‘చావుల దీవి’ అనే పేరు మళ్ళీ హెడ్డింగుల్లోకి ఎక్కుతుంది. ఆ వెనకే ఎప్పుడూ ఒకటే ప్రశ్న. అక్కడ ఏళ్ళ తరబడి ఉంటున్న తెల్లవాళ్ళు, డైవింగ్ నేర్పేవాళ్ళు, బార్లు నడిపేవాళ్ళు, తమ దేశం పిల్లే చనిపోతే ఎందుకు నోరు మెదపరు? అమ్ముడుపోయారా, భయపడ్డారా, లేక వాళ్ళకు నిజంగానే అనుమానాలేమీ లేవా?

2014 సెప్టెంబరు 15న సైరీ బీచ్ మీద ఇద్దరు బ్రిటిష్ యువ పర్యాటకులు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, హత్యకు గురై కనిపించిన కథ చాలామందికి తెలుసు, మళ్ళీ మొదటి నుంచీ చెప్పను. అందరూ అక్కడి నుంచే మొదలుపెడతారు కూడా. నా లెక్కలో మాత్రం ఇప్పటి గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 2018 సెప్టెంబరు. ఆ నెల గొడవ ఏదో ఒక చావు గురించి కాదు. మాట్లాడినందుకు వారంట్లు వచ్చాయి, అంతే.

జరిగింది ఇదీ. ఆ ఏడాది జూన్‌లో సైరీ బీచ్ దగ్గర తనకు మత్తు ఇచ్చి అత్యాచారం చేశారని 19 ఏళ్ళ బ్రిటిష్ అమ్మాయి చెప్పింది. పక్క దీవి కో పంగన్‌లో పోలీసుల దగ్గరికి వెళ్తే వస్తువులు పోయిన సంగతి రాసుకున్నారు తప్ప అత్యాచారం సంగతి రాసుకోలేదని ఆమె వైపు వాళ్ళ మాట. ఆమె చెప్పిందే దొంగతనం గురించి అని పోలీసుల మాట. ఇంగ్లండ్ పేపర్లలో వచ్చాక గొడవ పెద్దదైంది. పోలీసులు అలాంటిదేమీ జరగలేదని తేల్చేసి, కథ రాసినవాళ్ళ మీద పడ్డారు. ‘సముయ్ టైమ్స్’ అనే స్థానిక ఇంగ్లిష్ వార్తా సైట్ ఎడిటర్ మీద, కాలిఫోర్నియా నుంచి ‘సీఎస్‌ఐ ఎల్‌ఏ’ అనే ఫేస్‌బుక్ పేజీ నడిపే వ్యక్తి మీద కంప్యూటర్ నేరాల చట్టం కింద అరెస్టు వారంట్లు తీశారు. ఆ ఎడిటర్ బ్రిటన్‌లో, ఈయన అమెరికాలో. ఇద్దరూ చేతికి చిక్కే దూరంలో లేరు. చిక్కింది థాయ్‌లాండ్‌లో ఉన్న మామూలు థాయ్‌లు, డజను మంది దాకా. వాళ్ళు ఏమీ రాయలేదు, ఆ ఫేస్‌బుక్ పేజీలో వచ్చిన పోస్టును షేర్ చేశారు.

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుందని అప్పట్లో చాలామందికి అనిపించింది. కానీ దీవిలో ఉన్నవాళ్ళకు సామెతలతో పని లేదు, లెక్క సూటిగా అర్థమైంది: రాసినవాడు దూరంగా ఉంటే బతికిపోతాడు, దగ్గరుండి బటన్ నొక్కినవాడు దొరికిపోతాడు.

ఆ లెక్క ఎందుకంత గట్టిగా పనిచేసిందో తెలియాలంటే అక్కడ ఉండే విదేశీయుడి సంచిలోకి చూడాలి. డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ అనుకుందాం. అతని దగ్గర వర్క్ పర్మిట్ ఉంటుంది, ఏళ్ళ తరబడి అది నీలం అట్ట వేసిన చిన్న పుస్తకం. అందులో పేరూ ఫోటోతో పాటు యజమాని ఎవరు, చేసే పని ఏంటి, ఏ చోట చేయాలి అన్నీ రాసి ఉంటాయి. ఉద్యోగం పోతే ఆ పర్మిట్ చెల్లదు, దాన్ని పట్టుకుని ఉన్న వీసా కూడా జారిపోతుంది. పాస్‌పోర్టులో ఒక చీటీ పిన్ను కొట్టి ఉంటుంది, 90 రోజులకోసారి ఇమ్మిగ్రేషన్‌కు తన చిరునామా చెప్పుకోవాలని. అక్కడ విదేశీయుడు మామూలుగా భూమి కొనలేడు, లీజుకు తీసుకోవాలి. కంపెనీ పెట్టినా సగానికి పైగా వాటా థాయ్ పౌరుల పేరు మీద ఉండాలి. దీవి చూస్తే సుమారు 21 చదరపు కిలోమీటర్లు. భూములు చాలావరకు కొద్ది పాత కుటుంబాల చేతుల్లో ఉన్నాయి. షాపు అద్దె ఎవరికి కడతాడో, పడవ ఎవరిదో, వాటాదారు ఎవరో, అన్నీ తిరిగి తిరిగి అవే గుమ్మాలకు చేరతాయి.

దీని మీద పరువునష్టం చట్టం. థాయ్‌లాండ్‌లో అది సివిల్ గొడవతో ఆగదు, జైలు పడే నేరం. పదిమందికీ తెలిసేలా ప్రచురిస్తే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల బాట్ల దాకా జరిమానా. నిజమే చెప్పానని నిరూపించుకుంటే బయటపడొచ్చు, కాదనను. ఆ నిరూపించుకునే ఏళ్ళలో వీసా ఏమవుతుంది, తిండి ఎవరు పెడతారు? కంప్యూటర్ నేరాల చట్టం దానికి అదనం.

తెల్లవాళ్ళను థాయ్‌లు ఫరాంగ్ అంటారు. మన పరంగి అన్న మాటా ఇదీ ఒక తల్లి పిల్లలే. మన దగ్గర పరంగి అంటే పెత్తనం గుర్తొస్తుంది, అక్కడి ఫరాంగ్ మాత్రం చేతిలో నీలం పుస్తకం పట్టుకున్న అతిథి.

ఇప్పుడు వెనక్కి, 2014కి. ఎందుకంటే ఈ విదేశీయులు మొదట్లో ఇంత మౌనంగా లేరు. హత్యలు జరిగిన వారం దీవిలో ఉన్నవాళ్ళు విచ్చలవిడిగా రాశారు, అందులో సగం పుకార్లే. పోలీసులు మొదట్లో విచారించినవాళ్ళలో మృతుడి స్నేహితులైన బ్రిటిష్ వాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత, దీవిలోనే ఉంటున్న స్కాట్లాండ్ యువకుడొకడు, మృతుడికి తెలిసినవాడే, తనను చంపుతామని స్థానికులు బెదిరిస్తున్నారని అర్ధరాత్రి ఫేస్‌బుక్‌లో పెట్టి, అక్కడి నుంచి బయటపడ్డాడు. అతను చెప్పిందంతా నిజమా, భయంలో పెంచి చెప్పాడా అన్నది పక్కన పెట్టండి. మిగతా ఫరాంగులు చూసింది ఒక్కటే, నోరు తెరిచినవాడు పడవెక్కి వెళ్ళిపోయాడు. హత్యలు జరిగేనాటికి మే 22 సైనిక తిరుగుబాటు జరిగి నాలుగు నెలలు కూడా కాలేదు. ప్రధాని కుర్చీలో కూర్చున్న జనరల్ ప్రయుత్ చాన్ ఓచా, బికినీలు వేసుకుని తిరిగితే భద్రంగా ఉండగలరా, అందంగా లేకపోతే తప్ప, అన్న అర్థం వచ్చేలా మాట్లాడి తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు.

అక్టోబరు మొదట్లో మయన్మార్‌లోని రఖైన్ నుంచి వచ్చి బార్లలో పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళను పట్టుకున్నారు. ఒప్పుకున్నారన్నారు. తర్వాత వాళ్ళు కొట్టి ఒప్పించారని వెనక్కి తీసుకున్నారు, పోలీసులు కొట్టలేదన్నారు. కో సముయ్ కోర్టులో 2015 జులైలో విచారణ మొదలై డిసెంబరు 24న మరణశిక్ష పడింది. 2017లో అప్పీలు కోర్టు, 2019 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేశాయి, 2020 ఆగస్టులో రాజు క్షమాభిక్షతో యావజ్జీవం అయింది. కేసంతా డీఎన్‌ఏ మీద నిలబడింది. మృతురాలి శరీరం మీద దొరికిన డీఎన్‌ఏ వీళ్ళదేనని ప్రాసిక్యూషన్ చెప్పింది, కోర్టు నమ్మింది. హత్యకు వాడారన్న పార మీద దొరికింది మాత్రం వీళ్ళ డీఎన్‌ఏతో సరిపోలలేదని థాయ్‌లాండ్‌లో పేరున్న ఫోరెన్సిక్ నిపుణురాలు పోర్న్‌తిప్ రోజనసునన్ అదే కోర్టులో చెప్పింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా వెళ్ళలేను. పరాయి దేశంలో బతకడానికి వచ్చినవాడు అంటే ఆ కుర్రాళ్ళూ అదే కదా, కానీ ‘ఎక్స్‌పాట్’ అన్న మాట వాళ్ళకు ఎవరూ వాడరు, వాళ్ళు కూలీలు. దీవిలోని మయన్మార్ వాళ్ళు ఫరాంగుల కంటే ముందే మౌనం నేర్చుకున్నారు, వాళ్ళకు పోవడానికి ఉద్యోగం ఒక్కటే కాదు మరి. గొంతు విప్పింది బయట ఉన్నవాళ్ళు. తీర్పు వచ్చాక యాంగోన్‌లో థాయ్ రాయబార కార్యాలయం ముందు జనం రోజుల తరబడి నిరసన చేశారు, సరిహద్దులోనూ ఊరేగింపులు జరిగాయి. థాయ్‌లాండ్‌లో ఉంటూ బాహాటంగా నిందితుల తరఫున నిలబడి, లాయర్లను కూడగట్టిన ఫరాంగ్ అంటే గుర్తొచ్చేది ఆండీ హాల్, వలస కూలీల హక్కుల కోసం పనిచేసే బ్రిటిష్ మనిషి. ఆయన మీద అప్పటికే ఒక పండ్ల కంపెనీ వేసిన పరువునష్టం కేసులు నడుస్తున్నాయి. 2016లో శిక్ష పడింది, అమలు వాయిదా వేశారు, ఆ నవంబరులో ఆయన దేశం విడిచి వెళ్ళిపోయాడు. 2018లో అప్పీలు కోర్టు కొట్టేసింది. గెలిచాడనుకోవాలా?

నోరు మూసుకోమనే వైపు కూడా ఒక వాదన ఉంది. మృతుడి కుటుంబం తీర్పును ఒప్పుకుంది, సాక్ష్యాలు బలంగా ఉన్నాయని చెప్పింది. ఇంటివాళ్ళే ఒప్పుకున్నాక ఊళ్ళోవాళ్ళకెందుకని దీవిలోని వ్యాపారులు, కొందరు ఫరాంగులు ఇప్పటికీ అదే అంటారు. ఇంకో మాటా అంటారు: ఏడాదికి లక్షల మంది వచ్చి పోయే చోట, తాగి ఈతకు దిగేవాళ్ళు, స్కూటర్ నడపడం రాకుండా కొండదారి ఎక్కేవాళ్ళు, మనసు బాగోక వచ్చినవాళ్ళు ఉంటారు, కొందరు చనిపోతారు, పెద్ద నగరంలో అయితే లెక్కలో కలిసిపోయేవి చిన్న దీవి కాబట్టి ఒక్కొక్కటీ వార్త అవుతాయి అని. థాయ్‌లాండ్ మొత్తంలో బ్రిటిష్ వాళ్ళే ఏటా వందల్లో చనిపోతారు, అందులో ఎక్కువమంది రిటైరై స్థిరపడ్డ పెద్దవాళ్ళు. ఇది కొట్టిపారేసే మాట కాదు.

అయితే ఇదే వాదన చెప్పేవాళ్ళు మృతురాలి అక్కచెల్లెళ్ళలో ఒకరు 2016 జనవరిలో థాయ్ పోలీసుల దర్యాప్తును తిట్టిపోస్తూ పెట్టిన పోస్టు సంగతి ఎత్తరు. ఇంటివాళ్ళ మాటే ప్రమాణం అయితే రెండు ఇళ్ళవాళ్ళదీ ప్రమాణమే కావాలి.

ఆ తర్వాత 2017 ఏప్రిల్‌లో ఒక బెల్జియం మహిళ అడవిలో ఉరికి వేలాడుతూ దొరికింది. పోలీసులు ఆత్మహత్య అన్నారు. ఆ జూన్‌లో, తల్లికి నమ్మకం లేదన్న కథనం సముయ్ టైమ్స్‌లో వచ్చేదాకా బయటి ప్రపంచానికి తెలియనే లేదు. రెండు నెలలు! ఆమె అంతకుముందు కో పంగన్‌లో సత్యసాయి బాబాను కొలిచే ఒక బృందంతో ఉండేదని వార్తల్లో వచ్చింది కాబట్టి మన పుట్టపర్తి బాబా పేరు కూడా ఆ పుకార్లలోకి ఈడ్చారు. దానికీ చావుకూ సంబంధం ఏమిటో చెప్పినవాడు లేడు. దీవిలోని విదేశీయుల మధ్య ఇప్పుడు కనిపించే రెండు జట్లు నాకు తెలిసి ఇక్కడే గట్టిపడ్డాయి. ‘ఊహాగానాలు ఆపండి, కుటుంబానికి మర్యాద ఇవ్వండి’ అనేవాళ్ళు ఒక పక్క, ‘ఇంకొకటి కప్పిపెట్టేశారు’ అనేవాళ్ళు ఇంకో పక్క. రెండో జట్టులో చాలామంది దీవి వదిలేసి వెళ్ళినవాళ్ళు, లేదా ఎన్నడూ అడుగుపెట్టనివాళ్ళు. మొదటి జట్టులో చాలామందికి అక్కడ అద్దె కట్టే ఇల్లు ఉంది. మరుసటి ఏడాది వారంట్లు వచ్చేసరికి ఈ విభజన రాతిలో చెక్కినట్టయింది.

దీన్ని అర్థం చేసుకోవడం మనవాళ్ళకు కష్టం కాకూడదు. గల్ఫ్ కంపెనీ క్యాంపులో ఎవరైనా హఠాత్తుగా చనిపోతే జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల్లోని ఇంటివాళ్ళకు మొదట వచ్చేది రూమ్మేట్ ఫోన్. అన్నా, నేను చెప్పిన్నని ఎవ్వరికీ అనకు, అంటాడు. కఫీల్ చేతిలో, అంటే వీసా ఇప్పించిన అక్కడి యజమాని చేతిలో, వీసా ఉన్నవాడు అంతకంటే ఏం చెప్తాడు? అతన్ని మనం ఎప్పుడూ అమ్ముడుపోయాడని అనలేదు. సైరీ బీచ్ డైవింగ్ మాస్టర్‌ని మాత్రం ఒక్క మాటలో అనేస్తాం, ఎందుకంటే తెల్లవాడికి భయం ఉండదనుకుంటాం.

పోనీ ఎంబసీ చూసుకుంటుంది కదా అంటే, బ్రిటిష్ ఎంబసీ అయినా మన ఎంబసీ అయినా పరాయి దేశంలో జరిగిన చావును దర్యాప్తు చేయదు, చేసే అధికారం లేదు. కాగితాలు ఇప్పిస్తుంది, లాయర్ల జాబితా ఇస్తుంది, శవాన్ని పంపడానికి సాయపడుతుంది. శవం ఇంగ్లండ్ చేరాక, చావు అసహజమైనదైతే, లేదా కారణం తెలియకపోతే అక్కడి కరోనర్ విచారణ పెడతాడు. అది అయ్యేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. అప్పటికి ఆ రాత్రి బార్లో ఉన్న వాళ్ళలో సగం మంది సీజన్ అయిపోయి ఇంకో దేశంలో డైవింగ్ నేర్పుతుంటారు.

2023 నవంబరులో మన పాస్‌పోర్టుకు థాయ్‌లాండ్ వీసా అక్కర్లేదన్నప్పటి నుంచి మనవాళ్ళు పట్టాయా, ఫుకెట్ దాటి ఈ దీవుల దాకా కూడా వెళ్తున్నారు. వెళ్ళేముందు అక్కడ ఉంటున్నవాళ్ళను సేఫేనా అని అడుగుతారు. స్కూటర్ తీసుకోవద్దు, తీసుకుంటే హెల్మెట్ పెట్టుకో, రాత్రి తాగి నీళ్ళలోకి దిగకు, తెలియనివాళ్ళిచ్చిన డ్రింక్ ముట్టకు అని జవాబు వస్తుంది. అన్నీ మంచి మాటలే, స్కూటర్ ప్రమాదాలు అక్కడ నిజంగానే ఎక్కువ. అడిగినవాడు 2014 సంగతి ఏంటని ఇంకో ప్రశ్న వేస్తే మాత్రం జవాబు పర్సనల్ మెసేజ్‌లో వస్తుంది, లేదా రాదు.