బ్యాడ్జీ లేని ఉద్యోగం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

విమానాల్లో పనిచేసేవాళ్లకు క్యాన్సర్ వస్తుందట, నిజమేనా అని మీరు అడిగిన ప్రశ్నకు ఫోన్‌లో ఒక్క ముక్కలో జవాబు చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఏళ్లు ఎక్స్‌రే గదిలో పనిచేసినవాణ్ణి కనుక రేడియేషన్ సంగతి నాకు కొంత తెలుసు. నా చొక్కాకు ఎప్పుడూ టీఎల్‌డీ బ్యాడ్జీ ఉండేది. మూడు నెలలకోసారి దాన్ని పంపి, నా ఒంటికి తగిలిన మోతాదు ఎంతో లెక్క తెప్పించేవారు.

విమాన సిబ్బందికి తగిలేవి అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు. 1912లో విక్టర్ హెస్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త బెలూన్‌లో ఐదు కిలోమీటర్లకు పైగా ఎక్కి, పైకి పోయేకొద్దీ రేడియేషన్ పెరుగుతోందని కొలిచి చూపాడు. నేల మీద మనల్ని వాతావరణం దుప్పటిలా కాపాడుతుంది. విమానం ఎగిరే పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున ఆ దుప్పటిలో ఎక్కువ భాగం కిందే ఉండిపోతుంది. భూమి అయస్కాంత క్షేత్రం ఈ కిరణాలను భూమధ్యరేఖ దగ్గర అడ్డుకున్నంతగా ధ్రువాల దగ్గర అడ్డుకోలేదు కాబట్టి, హైదరాబాద్ నుంచి చెన్నై తిరిగే సిబ్బందికన్నా ధ్రువప్రాంతం మీదుగా అమెరికా వెళ్లేవారికి ఎక్కువ మోతాదు తగులుతుంది.

అమెరికా విమాన సిబ్బందికి ఏడాదికి సగటున సుమారు 3 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) తగులుతాయని అంచనా. రేడియేషన్ మధ్య పనిచేసేవారికి అంతర్జాతీయంగా సూచించిన పరిమితి ఏడాదికి సగటున 20. గర్భంలోని బిడ్డకు మాత్రం 1 దాటకూడదు.

ఇక క్యాన్సర్ మాట. అమెరికాలోని ఐదు వేల మందికి పైగా క్యాబిన్ సిబ్బందిపై జరిపిన అధ్యయనాన్ని హార్వర్డ్ పరిశోధకులు 2018లో ప్రచురించారు. రొమ్ము క్యాన్సర్ ఆ మహిళల్లో 3.4 శాతం మందికి, పోల్చి చూసిన సాధారణ ప్రజల్లో 2.3 శాతం మందికి కనిపించింది. చర్మ క్యాన్సర్లు కూడా ఎక్కువగానే ఉన్నాయి. రొమ్ము క్యాన్సరే చూస్తే నూటికి సుమారు ఒకరు అదనం. అది చిన్న సంగతి కాదు, అలాగని ఉద్యోగంలో చేరిన ప్రతివారికీ వస్తుందనీ కాదు. నేరమంతా కిరణాల మీద వేయడమూ తొందరపాటే అవుతుంది. రాత్రి డ్యూటీలు, దేశం మారిన ప్రతిసారీ తలకిందులయ్యే నిద్ర కూడా అనుమానితులే. పాతకాలం సిబ్బందైతే ప్రయాణికుల సిగరెట్ పొగ కూడా పీల్చారు.

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. అమెరికాలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఏఏ 1994లోనే వీరిని రేడియేషన్‌కు గురయ్యే ఉద్యోగులుగా గుర్తించినా, అక్కడ వీరికి చట్టబద్ధమైన పరిమితి పెట్టలేదు. ఐరోపా సమాఖ్యలో మాత్రం ఏడాదికి 1 మిల్లీసీవర్టు దాటే అవకాశమున్న సిబ్బంది మోతాదును సంస్థలు లెక్కగట్టాలి; మామూలుగా విమానం వెళ్లిన దారి, ఎత్తు, సమయం బట్టి కంప్యూటర్‌తో లెక్కిస్తారు. కనుక అక్క ఎయిర్ హోస్టెస్ ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు జీతంతో పాటు, ఆ లెక్క ఎవరు రాస్తారో, తనకు చూపిస్తారో లేదో కూడా అడగమనండి.

మీ తాతయ్య