బూలో చెరకు తోట శిథిలాల గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. అమెరికాలోని ఫ్లోరిడా తూర్పు తీరంలో, సెయింట్ అగస్టీన్ పట్టణానికి దక్షిణాన, బూలో వాగుకు చేరువలో ఉన్న అడవిలో పైకప్పు లేని పెద్ద రాతి కట్టడం ఒకటి నిలిచి ఉంది. ఎత్తైన దాని గోడలను చూసి కోట అనుకునేవారుంటారు గాని, అది బూలో కుటుంబం తమ సొంత చెరకు తోటలో కట్టించిన చక్కెర మిల్లు.

ఫ్లోరిడా స్పెయిన్ చేతినుంచి అమెరికా చేతికి వచ్చిన 1821వ సంవత్సరంలోనే మేజర్ చార్లెస్ బూలో అక్కడ 4,675 ఎకరాలు కొన్నాడు. అందులో 2,200 ఎకరాల అడవిని నరికి సాగులోకి తెచ్చినవారు ఆయన బానిసలుగా ఉంచుకున్న ఆఫ్రికా సంతతి ప్రజలు. ఆయన 1823లో మరణించగా, ఇంకా పిన్న వయసులోనే ఉన్న కుమారుడు జాన్ తోటను చేపట్టి, చెరకు, పత్తి, నీలిమందు, వరి పండించాడు.

మిల్లును కొకీనా అనే రాతితో కట్టారు; సముద్రపు గవ్వల ముక్కలు యుగాలపాటు అతుక్కుని గట్టిపడితే ఏర్పడే రాయి అది. నరికిన చెరకును ఆలస్యం చేస్తే రసం పులిసిపోతుంది కనుక, కోతల కాలంలో గానుగ, పొయ్యిలు రాత్రింబవళ్ళు నడవవలసిందే. ఆవిరి యంత్రంతో తిరిగే రోలర్ల మధ్య పిండిన రసాన్ని వరుసగా అమర్చిన బానలలో మరిగిస్తూ, మలినాలు విడిపోవడానికి సున్నం వేసి, పైకి తేలిన తెట్టు తీసివేస్తూ, పెద్ద బాన నుంచి అంతకంటె చిన్నదానిలోకి గరిటెలతో తోడేవారు. పాకం చిక్కబడిన ఆఖరి బాన దగ్గర దాన్ని దింపవలసిన క్షణాన్ని కంటితో కనిపెట్టడానికి గొప్ప నేర్పు కావాలి. ఆ నేర్పు బానిసలది. లాభం మాత్రం వారిది కాదు.

ఫ్లోరిడాలో ఉంటున్న సెమినోల్ అనే ఆదివాసీ తెగ ప్రజలను మిసిసిపీ నదికి పడమటి వైపుకు తరలించాలని ప్రభుత్వం పట్టుపట్టడంతో 1835 చివర యుద్ధం మొదలయింది. సెమినోల్ ప్రజలతో సఖ్యంగా ఉంటూ వచ్చిన జాన్ ఆ తరలింపును వ్యతిరేకించి, తన తోటలోకి వచ్చిన సైనిక దళంపై ఫిరంగి పేల్చాడు. దళం అతణ్ణి నిర్బంధించి తోటనే స్థావరం చేసుకుంది. అతని పొరుగుప్రేమను నేను గౌరవిస్తాను; అయినా, ఒక జాతిని వారి నేలనుంచి వెళ్ళగొట్టరాదన్న ఆ మనిషే ఇంకొక జాతివారిని సొత్తుగా ఉంచుకున్నాడన్న సంగతిని కూడా పక్కనే పెట్టి చదవాలి. దళం వెనుదిరిగి సెయింట్ అగస్టీన్ చేరినప్పుడు జాన్ కూడా వెళ్ళాడు. 1836 జనవరి చివర సెమినోల్ యోధులు తోటకు నిప్పు పెట్టారు. అతడు మళ్ళీ తోటను నిలబెట్టలేదు. తరువాత కొద్దికాలానికే, ముప్ఫై ఏళ్ళు నిండకుండా, పారిస్‌లో మరణించాడు.

రాయి కాబట్టి మిల్లు గోడలు మంటకు తట్టుకున్నాయి. యజమాని భవనం చుట్టూ అర్ధచంద్రాకారంలో ఉండిన బానిసల చెక్క ఇళ్ళు మాత్రం కాలిపోయి, వాటి ఆనవాళ్ళే మిగిలాయి. ఇప్పుడది రాష్ట్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న పార్కు. ఎప్పుడైనా వెళితే మిల్లు దగ్గరే ఆగిపోకుండా, ఆ ఇళ్ళున్న చోటు ఎటో అక్కడివారిని అడిగి అటు కూడా నడవండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య