డీఎన్ఏ లేని గుజ్జులో ప్రొటీన్ తయారైన రాత్రి

2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం 22 ఎంఆర్ఎన్ఏ (కణానికి ప్రొటీన్ రెసిపీ మోసుకెళ్లే చీటీ లాంటి పదార్థం) టీకా ప్రాజెక్టులు ఆపేస్తున్నామని, వాటి విలువ దాదాపు 50 కోట్ల డాలర్లని ప్రకటించింది. అప్పటినుంచి పాత మెసేజ్‌లు మళ్లీ మొదలయ్యాయి. "ఆ టీకా మన డీఎన్ఏని మార్చేస్తుంది, అందుకే ఆపేశారు" అని. ఆ ప్రకటనలో చెప్పిన కారణం అది కాదు. కోవిడ్, ఫ్లూ లాంటి జబ్బుల మీద ఆ టీకాలు సరిగ్గా పనిచేయడం లేదన్నది వాళ్ల వాదన, దాని మీద వేరే గొడవ ఉంది. కానీ మన గ్రూపుల్లోకి వచ్చేసరికి మిగిలింది డీఎన్ఏ ముక్క ఒక్కటే.

ముందు ఒక మాట. మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువమంది వేయించుకున్నవి కోవిషీల్డ్, కోవాగ్జిన్. రెండూ ఎంఆర్ఎన్ఏ టీకాలు కావు. ఎంఆర్ఎన్ఏ టీకాలైన ఫైజర్, మోడెర్నా వేయించుకున్నది అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న మన పిల్లలు. వాళ్ల ఒంట్లో ఏదో మారిపోయిందని ఇక్కడ తల్లిదండ్రులు టెన్షన్ పడుతున్నారు కాబట్టే ఇది రాయాల్సి వస్తోంది.

1953లో డీఎన్ఏ ఆకారం మెలితిరిగిన నిచ్చెన అని తేలిన కథ బడి పుస్తకాల్లోనే ఉంది, వదిలేద్దాం. ఈ గొడవకు అసలు జవాబు 1961లో ఉంది.

అప్పటికి అందరినీ తొలుస్తున్న ప్రశ్న ఇది: డీఎన్ఏ ఉండేది కణ కేంద్రకంలో, ప్రొటీన్లు తయారయ్యేది బయట రైబోజోముల దగ్గర, మరి కబురు మోసేది ఎవరు? ఒక్కో ప్రొటీన్‌కి ఒక్కో రకం రైబోజోమ్ ఉంటుందని, ఆ రెసిపీ దాని ఒంట్లోనే ఉంటుందని చాలామంది నమ్మేవాళ్లు. 1960 గుడ్ ఫ్రైడే రోజున కేంబ్రిడ్జ్‌లో జీవశాస్త్రవేత్త సిడ్నీ బ్రెన్నర్ గదిలో కూర్చుని ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రాన్స్వా జాకబ్ తమ పారిస్ ప్రయోగాల ఫలితాలు చెబుతుంటే, బ్రెన్నర్‌కీ ఫ్రాన్సిస్ క్రిక్‌కీ ఒక్కసారిగా తట్టింది. రెసిపీ రైబోజోమ్‌లో లేదు, మధ్యలో ఒక చీటీ తిరుగుతోంది, పని అవగానే చిరిగిపోతోంది. ఆ వేసవిలోనే బ్రెన్నర్, జాకబ్ కాలిఫోర్నియా వెళ్లి మాథ్యూ మెసెల్సన్‌తో కలిసి పరీక్షించారు. బాక్టీరియాకి బరువైన ఐసోటోపులున్న (అవే మూలకాలు, కానీ బరువెక్కువ పరమాణువులు) ఆహారం పెట్టి పెంచి, తర్వాత మామూలు ఆహారంలోకి మార్చి వైరస్ ఎక్కించారు. వైరస్ తన కోసం కొత్త రైబోజోములు కట్టించుకుంటే అవి తేలిగ్గా ఉండాలి. అలాంటివేమీ కనపడలేదు. పాత బరువు రైబోజోములే వైరస్ కొత్త చీటీలు చదువుతున్నాయి. పిండిమర లాగే. జొన్నలు పోస్తే జొన్నపిండి, బియ్యం పోస్తే బియ్యప్పిండి, మర మాత్రం అదే. ఆ చీటీయే ఎంఆర్ఎన్ఏ.

ఇక ఆ రాత్రి. 1961 మే 27, వాషింగ్టన్ పక్కన బెథెస్డా. అక్కడి ల్యాబ్ నడిపే శాస్త్రవేత్త మార్షల్ నైరెన్‌బర్గ్ ఊళ్లో లేడు, ల్యాబ్‌లో ఉన్నది హైన్రిష్ మాథై అనే జర్మన్ కుర్రాడు. బాక్టీరియాని నూరి తీసిన గుజ్జులో డీఎన్ఏని తెగ్గొట్టే ఎంజైమ్ కలిపేవాళ్లు. డీఎన్ఏ పోయింది, కొత్త చీటీలు రావు, ఉన్నవి అరిగిపోయాయి, ప్రొటీన్ తయారీ ఆగిపోయింది. అప్పుడు బయట తయారుచేసిన ఆర్ఎన్ఏ వేశారు, ఆర్ఎన్ఏ రాసే నాలుగు అక్షరాల్లో దాంట్లో వరసగా ఉన్నది ఒకటే, యూ. ప్రొటీన్ గొలుసులో పూసల్లాంటి ఇరవై అమైనో ఆమ్లాల్లో దేన్ని పట్టుకుంటుందో చూస్తే ఫెనైల్ అలనైన్ ఒక్కటే గొలుసుగా అల్లుకుంది. జన్యు సంకేతంలో మనిషి చదివిన మొదటి మాట అది.

చాలామంది ఇక్కడ సంకేతం విప్పిన గొప్పదనం చెప్పి ముందుకెళ్లిపోతారు. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది ఆ గుజ్జులో డీఎన్ఏని ముందే ముక్కలు చేసేశారన్న సంగతి. బయటి ఆర్ఎన్ఏ చీటీకి ప్రొటీన్ తయారుచేయించడానికి డీఎన్ఏతో పనే లేదు. టీకా చేసేదీ ఇదే: భుజంలో సూది గుచ్చితే చీటీ కణంలోకి వెళ్తుంది, కేంద్రకం బయటే ఉన్న రైబోజోమ్ చదువుతుంది, వైరస్ ముల్లు ప్రొటీన్ తయారవుతుంది, చీటీని కణమే ముక్కలు చేస్తుంది.

ఆ సంకేతానికి మిగతా నిఘంటువు 1966కల్లా పూర్తయింది. మూడేసి అక్షరాల మాటలు 64, వాటిలో 61 అమైనో ఆమ్లాలకు, మూడు "ఇక ఆపు" అనడానికి. పంజాబ్ పల్లెలో పుట్టిన హరగోవింద్ ఖొరానా యూసీయూసీ అని అక్షరాలు పేర్చిన ఆర్ఎన్ఏ తయారుచేస్తే సెరీన్, ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. 1968లో ఆయనకు, నైరెన్‌బర్గ్‌కు, రాబర్ట్ హాలీకి నోబెల్ వచ్చింది. మాథైకి రాలేదు, అది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

అవతలివాళ్లు చూపించే ఆధారం కూడా ఒకటుంది. 1970లో హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ ఆర్ఎన్ఏ నుంచి వెనక్కి డీఎన్ఏ రాసే ఎంజైమ్‌ని కనిపెట్టారు, హెచ్ఐవీ బతికేది దాని మీదే. 2022లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఫైజర్ టీకాని ప్రయోగశాలలో కాలేయ క్యాన్సర్ కణాలపై పోస్తే ఆరు గంటల్లోనే దాని డీఎన్ఏ నకలు కనిపించింది. ఫార్వర్డ్ మెసేజ్‌ల్లో తిరిగేది ఈ పేపరే. అది నిజమైన పేపరే, కానీ ఆ నకలు మన జన్యువుల్లోకి వెళ్లి అతుక్కుందని అందులో చూపించలేదు. పైగా అవి గిన్నెలో పెంచిన క్యాన్సర్ కణాలు, మనిషి భుజం కాదు. ఈ రెండు సంగతులూ ఫార్వర్డ్‌లో ఉండవు.

నిజంగా అడగాల్సిన ప్రశ్న ఆ చీటీని ఒళ్లు ఎలా చదువుతుందన్నది. బయటి ఆర్ఎన్ఏ కనిపిస్తే ఒళ్లు శత్రువనుకుని విరుచుకుపడుతుంది, ఏళ్ల తరబడి టీకా పని ముందుకెళ్లకుండా అడ్డుపడ్డ కారణాల్లో ఇది పెద్దది. యూ అక్షరాన్ని కాస్త మారిస్తే ఆ దాడి తగ్గుతుందని కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ 2005లో చూపించారు, 2023లో నోబెల్ అందుకున్నారు. అదే 2023 డిసెంబర్‌లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు ఇంకోటి బయటపెట్టారు: మారిన ఆ అక్షరం దగ్గర రైబోజోమ్ అప్పుడప్పుడు జారి, ఒక అక్షరం అవతల నుంచి చదువుతోంది, అనుకోని ప్రొటీన్ ముక్కలు వస్తున్నాయి. దానివల్ల హాని జరిగినట్టు వాళ్లకు కనపడలేదు. చీటీ రాసే పద్ధతి మారిస్తే ఆ జారుడు తగ్గుతుందని కూడా వాళ్లే చూపించారు.

ఈ పని మన దగ్గరా ఉంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ 2022 మేలో సొంతంగా ఎంఆర్ఎన్ఏ టీకా సాంకేతికత తయారుచేశామని ప్రకటించింది. దాన్ని తర్వాత క్షయ, డెంగీ, మలేరియాల మీద వాడాలన్నది వాళ్ల ఆలోచన.