మొదటి కాన్పు ఆపరేషనైతే రెండోదీ ఆపరేషనేనా? అపోహలు - వాస్తవాలు

అపోహ: ఒకసారి కోశారంటే ఇక ప్రతిసారీ కోయాల్సిందే.

గర్భసంచిని నిలువుగా కోసే రోజుల్లో పుట్టిన మాట ఇది. ఇప్పుడు దాదాపు అందరికీ కింది భాగంలో అడ్డంగా కోస్తున్నారు. అలాంటి కోత ఒక్కటే ఉండి, బిడ్డ తల కిందికి ఉండి, వేరే చిక్కులేవీ లేనివాళ్లు ప్రయత్నిస్తే నూటికి 72 నుంచి 75 మందికి మామూలు కాన్పే అవుతుంది. అంతకుముందు ఒక్క మామూలు కాన్పైనా ఉంటే 85 నుంచి 90 మందికి. మొదటిసారి బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని కోసి ఉంటే అవకాశం ఎక్కువ, నొప్పులొచ్చినా దారి తెరుచుకోక కోసి ఉంటే కొంత తక్కువ.

అపోహ: పొట్ట మీద మచ్చ అడ్డంగానే ఉంది కదా, భయం లేదు.

చర్మం మీది కోత వేరు, గర్భసంచి మీది కోత వేరు. బాగా నెలలు తక్కువ కాన్పులోనో, బిడ్డ అడ్డం పడినప్పుడో పైన అడ్డంగా కోసి లోపల నిలువుగా కోయాల్సి రావచ్చు. అది తెలిసేది పాత డిశ్చార్జి కాయితంలోనే. 'ఎల్‌ఎస్‌సీఎస్' అని ఉంటే కింది భాగంలో కోశారని. 'క్లాసికల్', 'ఇన్వర్టెడ్ టి' అని ఉంటే మామూలు కాన్పుకు ప్రయత్నించకూడదు. తీరా చూస్తే అమ్మాయి టెక్కలిలో పుట్టింట్లో ఉంటుంది, కాయితం విజయనగరంలో అత్తారింటి బీరువాలో! ఆ కాయితం పోయి ఉంటే, ఏడో నెల లోపే ఆ ఆసుపత్రికి వెళ్లి ఆపరేషన్ తేదీ చెప్పి కేసు షీటు నకలు అడగండి.

అపోహ: నొప్పులు పడితే కుట్లు పిగిలిపోతాయి.

పిగలొచ్చు. కింది అడ్డకోత ఒక్కటే ఉన్నవాళ్లలో సుమారు 200 మందికి ఒకరికి. రెండు కాన్పుల మధ్య ఏడాదిన్నర కూడా లేకపోతే ముప్పు పెరుగుతుంది. పిగిలితే నిమిషాల్లో బిడ్డను తీయాలి. చాలాసార్లు ముందు మారేది బిడ్డ గుండె చప్పుడే, అందుకే నొప్పులు ఊపందుకున్నాక సీటీజీ (బిడ్డ గుండె చప్పుడును ఆగకుండా నమోదు చేసే యంత్రం) పెట్టే ఉంచాలి, మధ్యలో తీసేయకూడదు. గంటకోసారి వచ్చి డాప్లర్ పెట్టి వెళ్తే చాలదు. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా పొట్ట నొప్పి తగ్గకపోవడం, రక్తం పోవడం, వస్తున్న నొప్పులు ఉన్నట్టుండి ఆగిపోవడం, దిగిన తల మళ్లీ పైకి పోవడం ప్రమాద సూచనలు.

కాబట్టి అర్ధరాత్రైనా సర్జను, మత్తు డాక్టరు, రక్తం దొరికే చోటే ఈ ప్రయత్నం. పీహెచ్‌సీలో వద్దు. ఇచ్ఛాపురం, మందస వైపు వాళ్లు నొప్పులొచ్చాక 108 కోసం చూడకుండా, తేదీ దగ్గరపడగానే అలాంటి ఆసుపత్రి ఉన్న ఊళ్లో చుట్టాలింటికి చేరడం మేలు.

అపోహ: ఒక సూది వేయిస్తే నొప్పులు వచ్చేస్తాయి.

ఊళ్లో ఆర్ఎంపీ చేత ఆక్సిటోసిన్ వేయించడమంత ప్రమాదం మరొకటి లేదు. ఆసుపత్రిలో మందులతో నొప్పులు తెప్పించినా పిగిలే ముప్పు రెండు మూడు రెట్లు పెరుగుతుంది. మిసోప్రోస్టాల్ మాత్రలైతే అసలు వాడకూడదు. ఇంట్లో ఆముదం తాగించడమూ వద్దు.

అపోహ: స్కానింగ్‌లో కుట్టు మందం చూసి తేల్చేయొచ్చు.

ఆ ఒక్క కొలతతో ఎవరూ తేల్చలేరు.

అపోహ: ముహూర్తం చూసి కోయించుకుంటే ఏ బాధా లేదు.

ఆపరేషన్లు పెరిగేకొద్దీ తర్వాతి గర్భంలో మాయ పాత కోతకు అతుక్కుపోయే ముప్పు పెరుగుతుంది. మాయ కిందికి ఉన్నవాళ్లలో, ఒక ఆపరేషన్ అయినవాళ్లకు నూటికి 11 మందికి, రెండైతే 40 మందికి అలా అతుక్కుంటుంది. ఐదో నెల స్కానింగ్‌లో మాయ ఎక్కడుందో తప్పకుండా అడగండి. ముహూర్తమే కావాలంటే 39 వారాలు నిండాకే చూపించండి, ముందే తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బంది రావచ్చు. ఆ రోజు రాకముందే నొప్పులు మొదలైతే మాత్రం పంచాంగం పక్కన పెట్టి ఆసుపత్రికి బయల్దేరాలి.