పన్నెండో నిమిషంలో పోయే కరెంటు

పూర్తిగా ఆగిపోయిన యంత్రాన్ని బాగుచేయడం తేలిక. కాసేపు పనిచేసి కాసేపు మానేసేదే ప్రాణం తీస్తుంది. మెకానిక్ ఎదురుగా ఉన్నంతసేపూ బుద్ధిగా నడుస్తుంది. ఆయన చెప్పుల్లో కాలు పెట్టగానే మళ్లీ మొదలు.

విశాఖలో మూతబడిన ఒక క్లబ్బు సామాను అమ్మేస్తుంటే, మోజుపడి ఒక పిన్‌బాల్ యంత్రం కొని విజయనగరంలోని మా ఇంటికి తెచ్చుకున్నాను. అద్దం మూత వేసిన ఏటవాలు బల్ల అది. స్ప్రింగుతో ఉక్కు గోళీని పైకి తోస్తే అది దిమ్మల్ని కొట్టుకుంటూ కిందికి దొర్లుతుంది. జారి గుంటలో పడిపోకుండా, బటను నొక్కితే ఎగిరే రెండు చిన్న రెక్కలతో, అంటే ఫ్లిప్పర్లతో, వెనక్కి కొట్టాలి. ఈ ఫ్లిప్పర్లు 1947లో వచ్చాయి. అంతకుముందు గోళీని వదిలాక బల్లను కాస్త కుదపడం తప్ప దాని అదృష్టం చూస్తూ నిలబడడమే. నేను కొన్నది 1960ల నాటిది, షికాగోలో తయారైంది. చిప్పులు లేవు, ప్రోగ్రాం లేదు. రిలేలు (కరెంటు వస్తే అయస్కాంతం లాగి కలిపే స్విచ్చులు), కాయిళ్లు (తీగ చుట్టలు), మెల్లగా తిరిగే ఒక మోటారు, అంకెలు రాసిన చక్రాలు, చేతిమందం వైరు కట్టలు, అంతే. లోపల ఏం జరుగుతోందో కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది. నాకు నచ్చింది అదే.

మన 230 వోల్టులకు అది సరిపడదు కాబట్టి మధ్యలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను. వోల్టులు దిగాయి గానీ, అమెరికాలో సెకనుకు 60 సైకిళ్లుండే కరెంటు మన దగ్గర 50 సైకిళ్లే. అందుకని మోటారు ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. స్కోరు కూడా నింపాదిగా పడుతుంది. యంత్రం లోపల ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాస్త ఎక్కువ వేడెక్కుతుంది, ఎందుకంటే సైకిళ్లు తగ్గితే అదే వోల్టేజీకి ఇనుములో అయస్కాంత ప్రవాహం పెరుగుతుంది. దీనితో సర్దుకుపోవచ్చు. సర్దుకుపోలేనిది ఇంకోటి ఉంది.

పది పన్నెండు నిమిషాలు చక్కగా ఆడేది. ఆ తర్వాత రెండు ఫ్లిప్పర్లూ ఒకేసారి నొక్కితే చాలు, లోపల 'టప్' మని ఒక చప్పుడు, దీపాలన్నీ ఆరిపోయేవి. స్టార్టు నొక్కితే వెలిగేది, ఫ్లిప్పర్లు నొక్కగానే మళ్లీ టప్. పావుగంట వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మామూలే.

ఫ్యూజు తీసి చూశాను, బాగానే ఉంది. మీటరు పెట్టాను, వోల్టులు సరిగ్గానే ఉన్నాయి. ఇక మిగిలింది తన్నడమే అనుకుంటుండగా రైల్వే సిగ్నల్ విభాగంలో రిటైరైన మా బాబాయి వచ్చాడు.

"తన్నకురా, ఒగ్గేయ్. తంతే దొరికేది కూడా దొరకదు" అన్నాడు.

ఆ మాటలో చాలా ఉంది. తన్నితే లూజ్ కాంటాక్టు కాసేపు కుదురుకుంటుంది. బాగైందని మనం సంబరపడతాం. లోపం మాత్రం అక్కడే ఉంటుంది, దాని ఆచూకీ పోతుంది.

బాబాయి మొదట చేసింది చెవి ఒగ్గడం. దీపాలు ఆరాక కూడా యంత్రం లోపలి ట్రాన్స్‌ఫార్మర్ గూఁ మంటూనే ఉంది. అంటే గోడ ప్లగ్గు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా కరెంటుకు ఇబ్బంది లేదు. సగం యంత్రం అనుమానం లోంచి బయటపడింది. అక్కడి నుంచి కరెంటు రెండు పాయలవుతుంది. బల్బులకు 6 వోల్టులు, కాయిళ్లకు 24 వోల్టులు, దేని ఫ్యూజు దానిది. రెండూ ఒకేసారి పోయాయంటే, రెండింటినీ కలిపి పట్టుకున్నదేదో వదిలేసిందన్నమాట. మా యంత్రంలో అది లాక్ రిలే.

ఈ రిలే తన కరెంటును తన కాంటాక్టు ద్వారానే తెచ్చుకుంటుంది. స్టార్టు నొక్కినప్పుడు ఒకసారి లేస్తుంది, ఆపైన తన చెయ్యి తానే పట్టుకుని నిలబడుతుంది. వోల్టేజీ బాగా పడిపోయి ఒక్క క్షణం వదిలిందా, మళ్లీ స్టార్టు నొక్కేదాకా లేవదు. ఆ 'టప్' దీని చప్పుడే. దీనితో వరసలోనే ఇంకో స్విచ్చు ఉంటుంది. డబ్బులు వేసే తలుపును ఎవరైనా తన్నితే ఆట మొత్తం రద్దు చేసేది అదే. సహజంగానే నా అనుమానం దాని మీదికి పోయింది. బాబాయి రెండు క్లిప్పుల వైరుతో ఆ స్విచ్చును దాటవేసి ఆడమన్నాడు. పన్నెండో నిమిషంలో మళ్లీ టప్. పాపం, దాని తప్పేమీ లేదు.

"నువ్వు మీటరు ఎప్పుడు పెట్టావ్?"

"ఆగిపోయాక."

"కరెంటు పారనప్పుడు పెడితే ఏటి తెలుస్తాది? పారుతున్నప్పుడు సూడు."

ఇక్కడ కొంచెం లెక్క కావాలి. దారిలో ఎక్కడో ఒక అతుకు చెడి ఒకటిన్నర ఓం నిరోధం ఏర్పడిందనుకుందాం. ఆట ఊరికే ఉన్నప్పుడు లాక్ రిలేకు 0.2 ఆంపియర్లు చాలు. అప్పుడు ఆ అతుకు దగ్గర పోయేది 0.3 వోల్టు, ఎవరూ పట్టించుకోరు. ఫ్లిప్పర్ కాయిల్ ఒక్కొక్కటి 3 ఓములు అనుకుంటే, రెండూ కలిపి నొక్కినప్పుడు కరెంటుకు రెండు దారులుంటాయి కాబట్టి ఒకటిన్నర ఓం. ఇప్పుడు 24 వోల్టుల్లో సగం ఆ అతుకే మింగేస్తుంది! రిలేకు మిగిలేది 12. పైగా 8 ఆంపియర్లు పారుతూ 12 వోల్టులు పడ్డాయంటే 96 వాట్ల వేడి, అదీ గోరంత చోట. కాయిల్‌లో ఏసీ కరెంటుకు ఉండే అదనపు అడ్డును నేను వదిలేశాను, ఇది ఉజ్జాయింపు మాత్రమే. ఫ్లిప్పర్ చివరిదాకా వెళ్లగానే ఒక చిన్న స్విచ్చు విడిపోయి కరెంటును తగ్గించేస్తుంది కాబట్టి ఈ వేడి క్షణకాలమే. కానీ అలాంటి క్షణాలు ఒక ఆటలో ఎన్నో!

రెండు లోహాలు ఒకదానికొకటి ఆనుకున్నట్టు మనకు కనిపిస్తుంది. నిజానికి అవి తాకేది సూక్ష్మమైన కొన్ని మిట్టల దగ్గరే. మా ఊళ్లో సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల కూడలి దగ్గర జనాన్ని చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. రోడ్డు ఎంత వెడల్పైనా, అందరూ ఒకే సందులో దూరాలంటే తోపులాట సందు మొగలోనే. అతుకును అదిమిపట్టే స్ప్రింగు బిగువు తగ్గితే తాకే మిట్టలు తగ్గుతాయి. మన తీరప్రాంతపు చెమ్మగాలికి ఇత్తడి మీద చిలుము పడితే ఇంకొన్ని మూసుకుపోతాయి. మిగిలినవి వేడెక్కుతాయి, వేడికి స్ప్రింగు ఇంకా సడలుతుంది, చిలుము ఇంకా పెరుగుతుంది. ఇదంతా కూడదీసుకోవడానికి పట్టే సమయమే మా పన్నెండు నిమిషాలు.

మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి, 24 వోల్టుల ఫ్యూజు బిగించే గూటికి అటొక తీగ, ఇటొక తీగ పట్టుకున్నాడు బాబాయి. నన్ను ఫ్లిప్పర్లు నొక్కుతూ ఉండమన్నాడు. ఆరోగ్యంగా ఉన్న గూటి మీద అక్కడ దాదాపు సున్నా రావాలి. మొదట్లోనే 0.8 వచ్చింది. అయిదు నిమిషాలకు 3 దాటింది. పదో నిమిషంలో 9. కాసేపటికి టప్!

దొరికింది, కానీ గూడులో ఎక్కడ? తీగ నుంచి ఫ్యూజును పట్టుకునే క్లిప్పుకు, క్లిప్పు నుంచి ఫ్యూజు చివరనుండే లోహపు టోపీకి, టోపీ నుంచి టోపీకి, ఒక్కో అంగుళం కొలుచుకుంటూ పోయాం. మొత్తం నష్టం కుడివైపు క్లిప్పుకూ, టోపీకీ మధ్యనే. ప్లగ్గు పీకి, ఫ్యూజు తీసి టార్చి వేసి చూస్తే క్లిప్పు లోపలివైపు ముదురు కాఫీ రంగు. కింది అట్ట గోరంత మేర మాడి ఉంది. వేలితో నొక్కితే క్లిప్పు నొక్కిన చోటే ఉండిపోయింది, తిరిగి రాలేదు. ఫ్యూజు మాత్రం నిక్షేపంగా ఉంది! అతుకు పాడైతే కరెంటు పెరగదు, తగ్గుతుంది. మరి ఫ్యూజెందుకు పోతుంది?

నేను గరుకు కాగితం తీసుకొచ్చాను. బాబాయి లాక్కున్నాడు. రుద్దితే మెరుస్తుంది గానీ పైపూత పోయి నెల తిరక్కుండా మళ్లీ చిలుము పడుతుంది, పోయిన బిగువెలాగూ రాదు. గూడు మొత్తం మార్చాం. అదే ఆంపియర్ల ఫ్యూజు వేశాం. పెద్దది వేయడం, రాగి తీగ చుట్టడం లాంటి మన ఇళ్ల వైద్యం ఇక్కడ చేస్తే వైరు కట్టలే కాలిపోతాయి. పనిలో పనిగా రెండు పిన్నుల పాత ప్లగ్గు తీసేసి, ఇనుప చట్రానికి ఎర్తు కలిపి మూడు పిన్నులది పెట్టాం.

కొత్త గూటి మీద మీటరు అలాగే ఉంచి గంటసేపు ఆడాం. 0.1 వోల్టు, కదల్లేదు. బాబాయికి మాత్రం నమ్మకం కుదరలేదు. టీ తాగి వచ్చి ఇంకో గంట ఆడాడు. లోపం కోసమే ఆడుతున్నానన్నాడు. ఆ రెండో గంటలోనే పదుల స్కోరు చక్రం తొమ్మిది దగ్గర ఒకసారి ఆగి, మరోసారి ఆగకుండా పోయింది. "ఇదింకోటిరా" అని మీటరు చేతిలోకి తీసుకున్నాడు.