మన్యం గంజాయి కేసులు: 2001లో గీసిన 20 కిలోల గీత

ఘాట్ రోడ్డు దిగువన చెక్‌పోస్టులో గంజాయి పట్టుబడిన ప్రతిసారీ రెండు మాటలు వినిపిస్తాయి. శిక్షలు ఇంకా పెంచాలని కొందరు, మోసినవాడిని పట్టుకుని పెట్టుబడి పెట్టినవాడిని వదిలేస్తున్నారని కొందరు. ఇప్పుడు మళ్లీ అదే వాదన.

1985లో ఎన్డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల నిరోధక చట్టం, ఎందుకు వచ్చిందన్నది అందరికీ తెలిసిన కథే. నేటి గొడవకు మూలం అక్కడ లేదు. ఆ చట్టం మొదట హెరాయిన్, చరస్‌లకు కనీసం పదేళ్ల శిక్ష పెట్టింది కానీ గంజాయికి గరిష్ఠంగా ఐదేళ్లే అంది. కనీస శిక్ష ఊసే లేదు. ముందున్న మనిషెవరో, ఎందుకు మోశాడో చూసి శిక్ష ఖరారు చేసే వీలు జడ్జికి ఉండేది.

2001 అక్టోబరులో అమల్లోకి వచ్చిన సవరణను చట్టాన్ని మెత్తబరచిన మార్పుగా చెబుతుంటారు. కొద్దిపాటి హెరాయిన్‌తో దొరికినవాడికి నిజంగానే ఊరట దక్కింది. గంజాయికి మాత్రం జరిగింది తిరగబడిన కథ. కిలో వరకు స్వల్పం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం అన్నారు. ఆ గీత దాటితే కనీసం పదేళ్లు జైలు, కనీసం లక్ష రూపాయల జరిమానా. జడ్జికి జాలి కలిగినా ఒక్క రోజు తగ్గించలేడు.

ఈ గీత కొండమీద ఎలా ఉంటుందో చూడండి. గంజాయిని నొక్కి, టేపు చుట్టి రెండేసి కిలోల ప్యాకెట్లు కడతారు. సంచిలో పది ఉంటే జడ్జి చేతిలో కొంత వెసులుబాటు ఉంటుంది. పదకొండోది పడితే పదేళ్లు ఖాయం. ఇరవై రెండు కిలోలంటే ఒక మనిషి మోసే బరువు. గూడెం నుంచి రోడ్డు దాకా మోసిన కుర్రాడికీ, లారీల కొద్దీ సరుకు తెప్పించుకున్నవాడికీ కనీస శిక్ష ఒక్కటే. మోసినవాడు సంచితో దొరుకుతాడు. తెప్పించుకున్నవాడి పేరు అతనికి తెలియను కూడా తెలియదు.

తూకంలోనూ చిక్కు ఉంది. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. కొసలతో కలవని ఆకులూ గింజలూ లెక్కలోకి రావు. సరుకు పట్టుకున్నప్పుడు సాక్షుల ముందు రాసే మధ్యవర్తుల నివేదికలో మాత్రం తరచూ సంచి మొత్తానికి ఒకటే బరువు కనిపిస్తుంది. కాడలూ ఆకులూ తీస్తే ఎన్ని కిలోలు మిగిలేవన్న వాదన బెయిల్ పిటిషన్లలో మళ్లీ మళ్లీ వస్తుంది. అంకె ఇరవైకి అటా ఇటా అన్నదే ఒక మనిషి యౌవనాన్ని తేల్చేస్తున్నప్పుడు అది చిన్న వాదన కాదు.

గీత దాటిన కేసులో బెయిల్ కావాలంటే, నేరం చేయలేదని నమ్మే కారణాలున్నాయనీ, బయటికొస్తే మళ్లీ చేయడనీ కోర్టుకు అనిపించాలి. విచారణకు ముందే అలా నమ్మించడం ఎవరి తరం? విశాఖ కేంద్ర కారాగారంలో గంజాయి కేసుల ఖైదీలు పెద్ద సంఖ్యలో పోగుపడటానికి ఇదొక ముఖ్య కారణం. ఏడేళ్లకు పైగా విచారణ ఖైదీగా ఉన్న ఒక గంజాయి నిందితుడికి 2023 మార్చిలో సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. జైలు దెబ్బ నిరుపేదలకే ఎక్కువగా తగులుతుందనీ, బతుకుతెరువు పోయి కుటుంబాలు చెదిరిపోతాయనీ ఆ తీర్పులో రాసింది.

భయం లేకపోతే సాగు ఆగదన్నది పోలీసుల మాట. 2021లో మొదలైన ఆపరేషన్ పరివర్తనలో వేల ఎకరాల్లో మొక్కలు పీకించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. పట్నాల్లో కుర్రాళ్లు దీనికి బానిసలవుతున్న మాటా నిజమే.

2014లో పార్లమెంటు మళ్లీ ఈ చట్టాన్ని సవరించింది. కొన్ని మత్తుమందులు భారీ పరిమాణంలో ఉన్న కేసుల్లో రెండోసారి దోషిగా తేలితే ఉరి తప్పనిసరి అన్న నిబంధనను సడలించింది. గంజాయి 20 కిలోల గీత మాత్రం 2001లో గీసిన చోటే ఉంది.