ప్యాడ్ కొట్టగానే పాట రాదు: కొత్తగా శాంప్లర్ పట్టినవాళ్ల అపోహలు, వాస్తవాలు

మా గదిలో టేబుల్ మీదున్న పదహారు రబ్బరు ప్యాడ్‌ల పెట్టెను, అంటే శాంప్లర్‌ను, చూసి మా బాబాయి అడిగిన మొదటి ప్రశ్న: "ఏరా, దీన్లో వాయించే తాళాలు ఎన్నున్నాయి?" ఒక్కటీ లేదన్నాను. "మరి అంత డబ్బు పోసి ఎందుకు కొన్నావు?" అన్నాడు.

అప్పుడు నవ్వేశాను గానీ, నా దగ్గరికి బీట్లు నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో సగం మందికి లోపల ఉండేదీ ఇదే అనుమానం. మోజుపడి కొంటారు, రెండు వారాలు తెగ వాయిస్తారు, ఏమీ రావట్లేదని అమ్మకానికి పెట్టేస్తారు. మెషీన్‌లో లోపం ఉండి కాదు. యూట్యూబ్‌లో చూసినవీ, ఎవరో చెప్పినవీ కొన్ని మాటలు బుర్రలో ముందే కూర్చుని ఉంటాయి. నా బుర్రలోనూ ఉండేవి.

అపోహ: ఇది కూడా తాళాలున్న కీబోర్డు లాంటిదే

కాదు. కీబోర్డులో "డిస్కో", "వాల్ట్జ్" అని ఎవరో కట్టిపెట్టిన తాళాలుంటాయి, మనం స్టార్ట్ నొక్కుతాం. శాంప్లర్‌కు మనమే శబ్దం ఇవ్వాలి. గిన్నె మీద గరిటె చప్పుడు ఇవ్వండి, పాత రికార్డులో వయొలిన్ ముక్క ఇవ్వండి, మీ నాయనమ్మ దగ్గు ఇవ్వండి. అది దాన్ని దాచుకుని, ప్యాడ్ కొట్టినప్పుడు తిరిగి ఇస్తుంది. ఇంకో సగం పని సీక్వెన్సర్‌ది: మీరు ఏ ప్యాడ్ ఎప్పుడు, ఎంత గట్టిగా కొట్టారో గుర్తుపెట్టుకుని మళ్లీ మళ్లీ వాయిస్తుంది. ఈ మధ్య వచ్చేవాటిలో కొన్ని శబ్దాలు ముందే వేసి ఇస్తున్నారు, అది షోరూమ్ నుంచి బండి ఇంటికి తెచ్చుకోవడానికి పోసిచ్చే పెట్రోలు లాంటిది.

ఇదంతా అమెరికా హిప్‌హాప్ వాళ్ల వ్యవహారం, మనకు కొత్త అనుకునేవాళ్లూ ఉన్నారు. ఈ తరహాలో బీట్లు కట్టడం పుట్టింది అక్కడే, అనుమానం లేదు. కానీ మన పెళ్లి ఊరేగింపులో, గణేష్ నిమజ్జనంలో ప్యాడ్స్ వాయించే అన్నను గమనించండి. పుల్లలతో వాయించే అలాంటి ప్యాడ్‌ల పెట్టె, రోలాండ్ కంపెనీ మొదటి ఆక్టాపాడ్, 1985లో వచ్చింది. మన ఆర్కెస్ట్రాల్లో కనిపించే రోలాండ్ ఎస్‌పీడీ-20లో లోపలున్న శబ్దాలే వాయించగలం, మన శబ్దం ఎక్కించలేం. అదే ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్ అయితే అసలు సిసలు శాంప్లర్. అందులో డప్పు దెబ్బ ఎక్కించుకుని పుల్లలతో వాయించే మనిషికి నేను కొత్తగా నేర్పేది సీక్వెన్సర్ ఒక్కటే.

అపోహ: ఖరీదైన మెషీన్, బోలెడంత మెమరీ ఉంటేనే మంచి బీటు వస్తుంది

1987లో వచ్చిన ఈ-మ్యూ కంపెనీ శాంప్లర్ ఎస్‌పీ-1200లో మొత్తం శాంప్లింగ్ సమయం 10 సెకన్లు. అందులోనూ ఒక్క శబ్దం రెండున్నర సెకన్లు దాటకూడదు. ఆ మరుసటి ఏడాది, అమెరికన్ డిజైనర్ రోజర్ లిన్ డిజైన్‌తో అకాయ్ కంపెనీ తెచ్చిన ఎంపీసీ60లో 13 సెకన్ల చిల్లర. రెండూ 12 బిట్ మెషీన్లే, అంటే శబ్దాన్ని సీడీ కన్నా ముతకగా దాచుకునేవే. న్యూయార్క్ హిప్‌హాప్‌లో ఇప్పటికీ చెప్పుకునే పని చాలావరకు ఇలాంటి పెట్టెల మీదే జరిగింది.

చోటు చాలక వాళ్లు కనిపెట్టిన ఉపాయం ముచ్చటగా ఉంటుంది. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన ఎల్‌పీ రికార్డును 45 మీద పెట్టి తిప్పేవాళ్లు. పాట గబగబా, చిన్నపిల్లల గొంతులా వచ్చేది. దాన్ని అలాగే రికార్డు చేసి, మెషీన్‌లో పిచ్ (శ్రుతి) అయిదు సెమిటోన్ల (అరస్వరాల) పైచిలుకు దింపేవాళ్లు. పాట మామూలు వేగానికి వచ్చేది, మెమరీ నాలుగో వంతు మిగిలేది. కిందికి దింపినప్పుడు శబ్దానికి ఒక గరుకుతనం అంటుకునేది. చోటు కోసం చేసిన పనిలో వచ్చిపడ్డ ఆ గరుకుతనం కోసమే ఇవాళ కొత్త మెషీన్లలో, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించే ప్లగిన్లలో ప్రత్యేకంగా ఎఫెక్టులు పెడుతున్నారు.

అందుకని మొదటి మెషీన్ ఏది కొనాలని అడిగితే నా జవాబు ఒకటే: ముందు ఫోన్‌లో ఒక శాంప్లర్ యాప్ వేసుకోండి, నెల రోజులు పది బీట్లు కట్టండి. అప్పటికీ వేళ్లు ఆగకపోతే షాపుకెళ్లండి. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే పదహారు ప్యాడ్‌లూ ఒక్కొక్కటిగా, మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి కొట్టి చూసి గానీ డబ్బులివ్వద్దు. నేను ఫోటో చూసి తీసుకున్నదాంట్లో పదమూడో ప్యాడ్ పిడికిలితో గుద్దితే గానీ పలికేది కాదు.

అపోహ: నేను సరిగ్గానే కొడుతున్నా, మెషీనే లేటుగా పలుకుతోంది

మొదటి వారంలో అందరూ చేసే ఫిర్యాదు ఇది. కేబుల్ మారుస్తారు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తారు, చివరికి మెషీన్‌నే తిట్టుకుంటారు. పదింట తొమ్మిదిసార్లు తప్పు ఉండేది శాంపిల్ (మనం ఎక్కించిన శబ్దం ముక్క) మొదట్లో.

కిందటేడు బోనాలప్పుడు మా వీధిలో డప్పు రికార్డు చేశాను. మంట దగ్గర కాచకముందు ఒకసారి, కాచి తోలు బిగిశాక ఒకసారి. రెండూ వేర్వేరు వాయిద్యాలేమో అనిపించేంత తేడా ఉంది. కాచాక సిర్ర (లావు పుల్ల) దెబ్బ ఖంగుమంది, సిటికెన పుల్ల (సన్నటిది) చప్పుడు గోరుతో గీసినట్టు సన్నగా వచ్చింది. ఇంటికొచ్చి సిర్ర దెబ్బ ఒకటి చాప్ చేసి (కోసి) ప్యాడ్ మీద పెట్టాను. కొట్టి చూస్తే బీటు వెనకాల ఈడుస్తోంది.

స్క్రీన్ మీద శబ్దం గీతను బాగా జూమ్ చేసి చూశాను. దెబ్బకు ముందు బారెడు సన్నగీత: నిశ్శబ్దం. ముప్పయ్ మిల్లీసెకన్లు ఉంటుందేమో. చెవికి విడిగా వినపడదు. కానీ ప్రతి దెబ్బా అంత ఆలస్యంగా పడితే తాళం కుంటుతుంది. స్టార్ట్ పాయింట్‌ను దెబ్బ మొదలయ్యే అంచు దాకా జరిపాను, మెషీన్ "బాగైపోయింది". మరీ లోపలికి జరిపితే దెబ్బ ముక్కు తెగిపోయి మెత్తబడుతుంది. గీత సున్నాను దాటేచోట కాకుండా మధ్యలో కోస్తే "టిక్" అని అంటుకుంటుంది. ఈ రెంటి మధ్య జాగా వెతకడమే చాపింగ్ అంటే. చూసి సగం, విని సగం.

రికార్డు చేసేటప్పుడు మరొకటి: ఎంత గట్టిగా ఎక్కిస్తే అంత మంచిదన్నది క్యాసెట్ రోజుల మాట. డిజిటల్‌లో మీటరు ఎర్రలోకి వెళ్తే ఆ పగులును తర్వాత తుడవలేం. పైన ఆరు డెసిబెల్స్ ఖాళీ ఉంచండి.

దీనికి తోడు ఇంకో ఫిర్యాదు: "అన్నా, వేలు తీయగానే సౌండ్ ఆగిపోతోంది, ప్యాడ్ పోయిందా?" పోలేదమ్మా. గేట్ మోడ్‌లో ఉంది. వన్-షాట్‌లో పెడితే ఒక్కసారి తట్టినా చివరిదాకా పలుకుతుంది. డ్రమ్స్‌కు వన్-షాట్, పాట ముక్కలకు చాలాసార్లు గేటే బాగుంటుంది. సెట్టింగుల్లో ఉండే ఈ ఒక్క మాట తెలియక మెషీన్‌ను రిపేరుకు పట్టుకెళ్లినవాడు నాకు తెలుసు.

అపోహ: క్వాంటైజ్ వాడితే మెషీన్ వాయించినట్టుంటుంది, ఆపేస్తేనే గ్రూవ్

దీని మీద కొంచెం కూర్చుని మాట్లాడాలి. గ్రూవ్ అంటే వింటుంటే తల ఊపించే నడక.

క్వాంటైజ్ అంటే బీటును సమాన గడులుగా విడగొట్టి, మీరు అటూ ఇటూ కొట్టిన దెబ్బల్ని దగ్గర్లోని గడి మీదకు లాగడం. ఎంపీసీల మీద దీన్నే "టైమింగ్ కరెక్ట్" అంటారు. రోజర్ లిన్ 1980లో తెచ్చిన ఎల్‌ఎమ్-1 డ్రమ్ మెషీన్‌లోనే ఇదీ ఉంది, దీనికి తోబుట్టువు లాంటి స్వింగూ ఉంది: దెబ్బల్ని జంటలుగా తీసుకుని రెండోదాన్ని కాస్త ఆలస్యం చేస్తుంది. గడిలో పెట్టేదాన్ని తయారుచేసిన మనిషే గడిని వంచే మీటనూ పక్కనే పెట్టాడు. కొత్తవాళ్లు మొదటిది చూస్తారు, రెండోది వదిలేస్తారు.

లెక్క చూద్దాం. టెంపో 90, అంటే నిమిషానికి 90 బీట్లు. ఒక్కో పదహారో వంతు స్వరానికి దాదాపు 167 మిల్లీసెకన్లు, జంటకు 333. స్వింగ్ 50 శాతం అంటే జంటలో ఇద్దరికీ సమానం. 58 పెడితే మొదటివాడికి 193, రెండోవాడికి 140. అంటే రెండో హై-హ్యాట్ (డ్రమ్ సెట్‌లో జంట పళ్లేల చప్పుడు) 27 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. అంతే తేడా, కానీ తల ఊగడం మొదలవుతుంది. 66 దగ్గరికి వచ్చేసరికి రెండుకు ఒకటి లెక్కన పడుతుంది. మన భాషలో చెప్పాలంటే చతురశ్ర (నాలుగు లెక్క) నడకలో మొదలై, మీట తిప్పుతుంటే తిశ్ర (మూడు లెక్క) నడకలోకి జారిపోతున్నాం.

ఈ నడక సంగతి మనవాళ్లకు ఎందుకు ముఖ్యమంటే, దాదాపు ప్రతివాడూ మొదటివారంలోనే తీన్మార్ కట్టడానికి చూస్తాడు. రెండేళ్లు మృదంగం నేర్చుకున్న కుర్రాడొకడు వచ్చాడు. చేత్తో టేబుల్ మీద వాయిస్తే అద్భుతం. మెషీన్‌లో రికార్డు చేస్తే స్కూలు డ్రిల్లు. "క్వాంటైజ్ వేస్టన్నా" అని తేల్చేశాడు. సంగతేంటంటే, పెట్టె ఆన్ చేయగానే గడి పదహారో వంతుల మీద ఉంటుంది, అంటే బీటుకు నాలుగు. తీన్మార్ మూడు మూడుగా నడుస్తుంది. మూడు దెబ్బల్ని నాలుగు గడుల్లోకి ఈడిస్తే డ్రిల్లు కాక ఏమవుతుంది? గడి మెనూలో అంకె పక్కన "టి" అని ఉంటుంది, అంటే ట్రిప్లెట్. అది ఎంచుకుని అవే దెబ్బలు మళ్లీ కొట్టించాను. పక్కగదిలోంచి మా ఆవిడ తొంగిచూసింది, ఊరేగింపు ఎక్కడా అని.

క్వాంటైజ్ ఆపేయడానికి సాక్ష్యంగా అందరూ చెప్పే పేరు అమెరికాలోని డెట్రాయిట్‌కు చెందిన హిప్‌హాప్ బీట్‌మేకర్ జె డిల్లా. ఆయన ఎంపీసీ3000 ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో ఉంది. ఆయన బీట్లు తూలుతున్నట్టుండే మాట నిజం. ఒక్క బటన్ ఆపితే ఆ తూలుడు వస్తుందన్నది మాత్రం నమ్మను. స్నేర్‌ను (గరగరమనే చిన్న డ్రమ్ము) కాస్త ముందుకు, కిక్‌ను (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) కాస్త వెనక్కి, హై-హ్యాట్‌ను తిన్నగా ఉంచి శ్రద్ధగా విని చూడండి. ఒకటి గడి మీద నిలబడితేనే మిగతావి తూలడం తెలుస్తుంది. అన్నీ తూలితే అది గ్రూవ్ కాదు, చేతకానితనం. నా మొదటి ఏడాది బీట్లన్నీ ఆ కోవలోవే, ఎవరికీ వినిపించను.

అపోహ: ముందు శాంపిల్ ప్యాక్‌లు (రెడీమేడ్ శబ్దాల మూటలు) బాగా పోగేసుకోవాలి

హార్డ్ డిస్క్ నిండా ఉన్నవాడు కిక్ వెతుక్కుంటూనే రాత్రి గడిపేస్తాడు. ఒక కిక్, ఒక స్నేర్, రెండు హై-హ్యాట్లు, ఒక పాట ముక్క. నెలకు ఇవి చాలు.

అపోహ: అయిదారు సెకన్లలోపు వాడుకుంటే కాపీరైట్ ఉండదు

ఈ మాట ఎక్కడ పుట్టిందో గానీ చావట్లేదు. మన 1957 కాపీరైట్ చట్టంలో ఇన్ని సెకన్ల వరకు ఫర్వాలేదనే లెక్క ఎక్కడా లేదు. అమెరికాలో రెండు సెకన్ల గిటార్ ముక్క మీద నడిచిన కేసులో 2005లో ఒక అప్పీల్ కోర్టు, లైసెన్సు తీసుకోండి లేదా శాంపిల్ చేయకండి అని తేల్చింది. 2016లో మరో అప్పీల్ కోర్టు దానితో విభేదించింది. వాళ్లలో వాళ్లకే తేలనిదాన్ని మనం సెకన్లతో తేల్చుకోలేం. మనవాళ్ల సంగతికొస్తే, 2002లో ఒక అమెరికన్ పాటలో హిందీ సినిమా పాట ముక్క వాడినందుకు స్వరకర్త బప్పీ లహిరి కోర్టుకెక్కారు. ఆయన పేరు వేసేదాకా ఆ సీడీలు అమ్మొద్దని లాస్ ఏంజెలెస్ కోర్టు 2003లో ఆపింది.

"పాత పాటేగా" అనేది దీనికి తమ్ముడు. ఇక్కడ రెండు హక్కులున్నాయి. రికార్డింగ్ మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు. అంటే 1960 నాటి రికార్డుకు 2020తో తీరిపోయింది. కానీ బాణీ మీద హక్కు స్వరకర్త పోయాక 60 ఏళ్లు, సాహిత్యానిది కవి లెక్కన విడిగా. ఘంటసాల 1974లో పోయారు. ఆయన కట్టిన బాణీ మీద హక్కు 2034 చివరిదాకా ఉంటుంది, రికార్డు ఎంత పాతదైనా సరే. ఇంట్లో చేయి తిరగడానికి ఏ పాట కోసుకున్నా ఎవరూ రారు. బయట విడుదల చేసేదానికి మాత్రం నేను సొంతంగా రికార్డు చేసిన శబ్దాలే వాడతాను. బోనాల డప్పు రికార్డు చేసినప్పుడు కూడా వాయించినాయన్ని అడిగి, టీ డబ్బులకు బదులు సరైన డబ్బులే ఇచ్చాను.

అపోహ: హార్డ్‌వేర్ అంటే నమ్మకం, కంప్యూటర్‌లా హ్యాంగయ్యి పని పోదు

హ్యాంగ్ అవడం తక్కువే, ఒప్పుకుంటాను. కానీ కొన్ని పెట్టెలు చేసింది చేసినట్టు వాటంతటవే దాచుకుంటాయి, కొన్నింటిలో మీరు సేవ్ నొక్కితేనే. మీది ఏ రకమో కొన్నరోజే మాన్యువల్‌లో చూడండి. నేను చూడలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు కూర్చుని కట్టిన బీటు, వీధిలో కరెంటు పోగానే పోయింది. సాయంత్రం కరెంటొచ్చాక అవే శబ్దాలతో మళ్లీ కట్టాను, ఇరవై నిమిషాల్లో అయింది, బాగానే ఉంది. పోయినదాంట్లో ఆ రెండో స్నేర్ ఎక్కడ పెట్టానో మాత్రం ఇప్పటికీ దొరకలేదు.